చప్పట్లకు నాలుగు లక్షలు

అమెరికాలో ప్రాచీన రోము భాష లాటిన్ చదివే స్కూలు పిల్లలకు జూనియర్ క్లాసికల్ లీగ్ అని ఒక సంఘం ఉంది. 1936లో పుట్టింది. ఏటా వేసవిలో ఏదో ఒక యూనివర్సిటీలో జాతీయ సదస్సు పెడుతుంది. వ్యాకరణ పరీక్షలు, పురాణగాథల పరీక్షలు, బజర్ నొక్కి జవాబు చెప్పే ‘సెర్టామెన్’ క్విజ్, బొమ్మలు, ఆటలు, అన్నీ ఉంటాయి. వాటి జోలికి నేను పోను. నా గౌరవమంతా స్పిరిట్ కాంటెస్టు మీదే.

రాష్ట్రాలవారీగా పిల్లలు ఒకే రకం టీషర్టులు తొడుక్కుని, మొహాలకు రంగులు పూసుకుని, సర్వసభలో గొంతు చించుకుని అరుస్తారు. రోజుకో థీమ్, దానికి తగ్గ వేషం, ప్రాస కుదిరిన నినాదం. ఎవరి ఉత్సాహం ఎంతో న్యాయనిర్ణేతలు తూకం వేసి మరీ చెబుతారు. లాటిన్ వస్తే ఇంగ్లీషు మాటలు తేలిగ్గా వస్తాయని పిల్లాణ్ణి అందులో చేర్పించిన మన ప్రవాస తెలుగు తల్లిదండ్రులు, తిరిగొచ్చిన వాడి గొంతు విని మిరియాల పాలు కాస్తారు.

‘ప్రాచీన సాహిత్యం చదవడానికి వచ్చి ఈ కేకలేమిటి?’ అని సణిగే పెద్దలు కొందరు ఎప్పుడూ ఉంటారు. పాపం, వాళ్ళకు రోము తెలియదు. ఆ సదస్సు మొత్తంలో అచ్చమైన రోమన్ కార్యక్రమం ఇదొక్కటే.

సాక్షి నీరో చక్రవర్తి. ఆయన పాడుతుంటే చప్పట్లు కొట్టడానికి 5,000 మందికి పైగా కండపుష్టి గల కుర్రాళ్ళను ఏరి, జట్లుగా విడదీసి, శిక్షణ ఇప్పించాడని రోమన్ చరిత్రకారుడు సుయెటోనియస్ రాశాడు. చప్పట్లలో రకాలుండేవి: తేనెటీగల రొద ఒకటి, పెంకుల చప్పుడు ఒకటి, ఇటుకల చప్పుడు ఒకటి. జుట్టు ఒత్తుగా ఉండాలి, బట్టలు మెరిసిపోవాలి. జట్టు నాయకులకు ముట్టింది ఒక్కొక్కరికి 4,00,000 సెస్టెర్స్‌లు, అంటే రోమన్ నాణేలు. రోములో సెనేటర్ల తర్వాతి మెట్టైన అశ్విక శ్రేణి పెద్దమనిషి అనిపించుకోవడానికి ఉండాల్సిన ఆస్తి సరిగ్గా అంతే. మరి ఈ పిల్లలకు దక్కేది? సభలో ఒక ప్రకటన, ఒక బహుమతి. ఇది శ్రమదోపిడీ కాక మరేమిటి?

ఇంకో అన్యాయం రోమన్ పౌరులు చుట్టుకునే టోగా. దుప్పటి చుట్టుకుని, పిన్నీసు పెట్టుకుని, రెండు చేతులూ ఎత్తి గెంతుతున్న కుర్రాణ్ణి చూడండి. అసలు టోగా బోలెడంత ఉన్నిగుడ్డ, దాని మడతలన్నీ ఎడమ చేతి మీదే మోయాలి. ఆ చెయ్యి ఎత్తాడా, పౌరుడి పరువు నేల మీదికి జారుతుంది. ఒంటిచేత్తో చప్పట్లు కొట్టి చూపిన జట్టుకు అదనపు మార్కులు ఇవ్వాలి.

చిన్న ప్లినీ అనే రోమన్ రచయిత రథాల పందేలను చూసి ఈసడించుకున్నాడు. జనం అభిమానమంతా గుర్రాల మీదా కాదు, తోలేవాడి మీదా కాదు, జట్టు గుడ్డ రంగు మీదేనట. పరుగు మధ్యలో రంగులు మారిస్తే అభిమానమూ అటే మారుతుందట. ఆయన దీన్ని తప్పు అనుకున్నాడు. పోటీ నిర్వాహకులు దీన్ని పరీక్షగా పెట్టాలంటాను. సభ మధ్యలో ఒహాయో వాళ్ళ చొక్కాలు టెక్సాస్‌కు, టెక్సాస్ వాళ్ళవి ఒహాయోకు ఇచ్చేయండి. చొక్కా మారగానే ఎవరు కొత్త రాష్ట్రం పేరు తడబడకుండా అరుస్తారో వాళ్ళదే నిఖార్సయిన స్పిరిట్. మూల కూర్చుని లాటిన్ కవి వర్జిల్‌ను చదువుకునే పిల్లకు ఇందులో సున్నాయే.

హద్దు ఎక్కడో కూడా చరిత్రే చెప్పింది. క్రీ.శ. 59లో ఇటలీలోని పాంపే ఊరి ఆంఫీథియేటర్లో, గ్లాడియేటర్ల పోటీలప్పుడు, ఊరివాళ్ళకూ పొరుగూరు నూకేరియా వాళ్ళకూ మొదట తిట్లు, తర్వాత రాళ్ళు, చివరికి కత్తులు. సెనేట్ ఆ ఊళ్ళో అలాంటి ఆటలను 10 ఏళ్ళు నిషేధించింది. మన పోటీ ఇంకా మొదటి మెట్టు కూడా ఎక్కలేదు, పొరుగు రాష్ట్రాన్ని తిట్టడం కన్నా తన రాష్ట్రాన్ని పొగుడుకోవడమే ఎక్కువ. కంగారు పడాల్సిందేమీ లేదు.

కాబట్టి నా ప్రతిపాదన ఒక్కటే. చప్పట్ల నాయకులకు నీరో రేటు ప్రకారం జీతాలివ్వాలి. డబ్బెక్కడిదంటారా? వ్యాకరణ పరీక్షలు ఎత్తేస్తే ప్రశ్నపత్రాల అచ్చుఖర్చు మిగులుతుంది కదా.