సవరణ: విశ్రాంతి దినానికి ఇంకో కారణం

దేవుడు సృష్టి ముగించి ఏడో దినాన విశ్రమించాడు కాబట్టే విశ్రాంతి దినపు ఆజ్ఞ వచ్చిందని పోయిన వారం పోస్టులో ఉంది. అది బైబిల్లో నిర్గమకాండం 20:11లోని కారణం. ద్వితీయోపదేశకాండం 5:15 ఇంకొకటి చెబుతుంది: ఐగుప్తులో (ఈజిప్టులో) మీరు దాసులై ఉన్నారు, అది మరవకండి. అక్కడ చేయాల్సిన ఇటుకల లెక్క తగ్గినందుకు తమ నాయకులు దెబ్బలు తినడం చూసిన ఇశ్రాయేలు జనం అది! అందుకే ఈ ఆజ్ఞలో దాసుడూ దాసీ 'నీలాగే' విశ్రమించాలన్నారు. ఎద్దునూ గాడిదనూ సైతం పేరుపెట్టి చెప్పారు.

కాబట్టి 'సోమవారం పనికి సిద్ధపడటానికే ఆదివారం విశ్రాంతి' అని ఆ పోస్టులో నేను రాసిన వాక్యం తీసేశాను. ఆరాధన నుంచి వచ్చి మనం కునుకు తీస్తుంటే వంటింట్లో అంట్లు తోముతున్న మనిషి కూడా ఈ ఆజ్ఞలో ఉంది (మా ఇంట్లోనూ ఈ సంగతి తేలాల్సి ఉంది). నిర్గమకాండం వచనం మాత్రం పోస్టులో అలాగే ఉంటుంది.