రేస్ గేమ్‌లో బ్రేక్ ఎందుకని అడిగే మహానుభావులకి

"అన్నయ్యా, ఇందులో నైట్రో బటన్ ఎక్కడుంది?"

మా పిన్ని కొడుకు ఇందాకే అన్న మాట ఇది. చేతిలో నా పీఎస్పీ, అదే సోనీ వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషిన్. అందులో జపాన్ నుంచి తెప్పించుకున్న ఇనీషియల్ డి స్ట్రీట్ స్టేజ్, ఇనీషియల్ డి అనే జపాన్ కామిక్ కథ మీద చేసిన కార్ రేస్ గేమ్. మొదటి మలుపులో గోడని గుద్దాడు, రెండో మలుపులో మళ్లీ గుద్దాడు. "స్లో గేమ్" అని తీర్పిచ్చి, దాన్ని సోఫా మీద పడేసి ఫోన్ తీశాడు. పడేశాడండీ! లోపల డిస్కు తిరుగుతూ ఉంటుందని ఈ పిల్లలకి ఎవరు చెప్పాలి?

నైట్రో అట, నొక్కగానే బండి రాకెట్‌లా దూసుకుపోయే బటన్. ఒరే నాయనా, అది టయోటా ఏఈ86. 1600 సీసీ బండి. కథలో టోఫు, అంటే సోయా పనీర్, డెలివరీకి వాడే బండి! హీరో ఇంకా తెల్లారకముందే కొండ మీదికి సరుకు చేరవేస్తాడు, అదీ కప్పులో నీళ్లు ఒలక్కుండా. అలాంటి కుర్రాడు దిగుడు రోడ్డులో ఖరీదైన బండ్లన్నిటినీ వెనక్కి నెట్టేస్తాడు. ఎలా? బ్రేక్ ఎక్కడ తొక్కాలో తెలుసు కాబట్టి. ఆట మొత్తం అదే. గోడకి తగిలావా, స్పీడు పడిపోతుంది, అవతలివాడు వెళ్లిపోతాడు. ఫోన్ గేముల్లో అయితే గోడని రాసుకుంటూ వెళ్లినా ఫస్ట్ ప్లేసే, పైగా బోనస్ కాయిన్లు, తర్వాత ఒక యాడ్.

ఇందులో ఇరోహజాకా అని ఒక కోర్సు ఉంది. జపాన్‌లో నిక్కో దగ్గర నిజంగా ఉన్న ఘాట్ రోడ్డే. మొత్తం 48 మలుపులు. ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి ఇంకోటి, అచ్చం మన తిరుమలలాగే. తిరుమలలో తొందరగా దిగితే ఫైన్ వేస్తారు, అది వేరే విషయం. వెయ్యాలి కూడా. ఆ రోడ్డు మీద మా బావ డ్రైవింగ్ చూసినవాళ్లకి తెలుస్తుంది ఎందుకో. సరే, ఎక్కడున్నాం?

ఆ, ఈ గేమ్ తయారుచేసిన సెగా కంపెనీ వాళ్లు. ఆర్కేడ్‌లో, అంటే గేమ్ సెంటర్లలో డబ్బు వేసి ఆడే పెద్ద మెషిన్లలో, మూడో వెర్షన్ దాకా వచ్చాక, 2006లో ఈ ఆటని పీఎస్పీలోకి దించారు. జపాన్‌లో మాత్రమే. మిగతా ప్రపంచంలో ఎవరికీ బొటనవేళ్లు లేవనుకున్నారేమో. మెనూ అంతా జపనీస్‌లోనే. పీఎస్పీ గేములకి రీజియన్ లాక్ లేదు, ఏ దేశపు డిస్కైనా ఆడుతుంది, కాబట్టి బతికిపోయాం. స్టీరింగూ పెడల్సూ లేకుండా ఆ ఆట ఏం బాగుంటుందని పెదవి విరిచే పెద్దలూ ఉన్నారు. అయ్యా, స్టీరింగ్ ఉన్న మెషిన్ మనకి ఎవడు దొరకనిచ్చాడు?

దొరికినవాటి సంగతీ చెప్తా వినండి. మా ఊరి మాల్‌లో ఒక గేమ్ జోన్ ఉండేది. అందులో ఒక కార్ రేస్ మెషిన్. స్టీరింగ్ ఎటు తిప్పినా గిరగిరా తిరిగేది, బ్రేక్ పెడల్ లోపలికి వెళ్లి అక్కడే ఉండిపోయేది. బ్రేక్ పనిచెయ్యట్లేదని చెబితే అక్కడి అబ్బాయి ఏమన్నాడో తెలుసా? "రేస్ గేమ్‌కి బ్రేక్ ఎందుకు సార్, యాక్సిలరేటర్ బాగానే ఉంది కదా!" ఇక మా తమ్ముడిని ఏమనాలి? వీళ్లందరూ అక్కడే తయారయ్యారు.

జపాన్‌లో ఆ ఆర్కేడ్ మెషిన్‌కి ఒక కార్డు ఉండేది. మీ కారు, దానికి మీరు చేయించుకున్న ట్యూనింగ్ అన్నీ అందులో ఉండేవి. మళ్లీ వెళ్లి కార్డు పెడితే మీ బండి మీకు వచ్చేది. మన మాల్‌లోనూ కార్డే. అందులో ఉండేది మన డబ్బు. మినిమమ్ రీచార్జ్ అని ఒకటి, అది ఏ ఆటకీ సరిగ్గా సరిపోదు, ఎప్పుడూ కొంత మిగిలిపోతుంది. మిగిలింది ఇమ్మంటే నాన్ రిఫండబుల్. పోనీ తర్వాత ఆడుకుందామని వెళ్తే బ్యాలెన్స్ ఎక్స్‌పైర్ అయిపోయింది సార్ అంటారు. ఎక్స్‌పైర్ అవ్వడానికి అది డబ్బా, పెరుగు ప్యాకెట్టా?