కట్టుతాడు వీరగాథ

నౌకాదళాల వారు రాసుకునే సేవాచరిత్రలలో ఒక మర్యాద ఉంది. ఓడ నలభై అయిదేళ్ళు రేవులో కట్టుబడి ఊరకే పడి ఉన్నా ‘సేవలందించింది’ అనే రాస్తారు. ఈ మర్యాదను అమెరికా నివాసనౌక (అంటే నావికుల బస కోసం రేవులో కట్టేసి ఉంచే ఓడ) రెయినా మెర్సిడెస్ అనుభవించినంత తృప్తిగా మరొకటి అనుభవించి ఉండదని నా నమ్మకం.

1887లో స్పెయిన్‌లోని కార్తహేనాలో జలప్రవేశం చేసిన ఈ క్రూయిజర్ తరహా యుద్ధనౌకకు, పద్దెనిమిదేళ్ళకే కన్నుమూసిన రాణిగారి పేరు పెట్టారు. పేరుబలమో ఏమో, 1898లో క్యూబాలోని శాంటియాగో రేవు దగ్గర స్పెయిన్, అమెరికాల మధ్య జరిగిన యుద్ధం నాటికి దాని పది బాయిలర్లలో ఏడు మూలపడ్డాయి. జులై 3న తక్కిన స్పెయిన్ నౌకలు రేవు బయటికి వెళ్ళి నాశనమయ్యాయి. ఇది వెళ్ళలేక మిగిలింది. నడవలేనిది దారికి అడ్డంగానైనా పడుకుంటుంది కదా అని స్పెయిన్ వారు ఆ రాత్రే దానిని రేవు ముఖద్వారంలో ముంచబోయారు. టెక్సాస్, మసాచుసెట్స్ అనే అమెరికా యుద్ధనౌకలు కాల్పులు జరిపాయి, కట్టుతాడు తెగింది, ఓడ పక్కకు ఒరుసుకుపోయి, ఎవరి దారికీ అడ్డురాకుండా ఎంతో పెద్దమనిషి తరహాలో మునిగింది. జన్మ మొత్తంలో కదలకూడని ఒకే ఒక్క క్షణంలో కదిలిందన్నమాట!

గెలిచినవారు 1899లో దానిని పైకి తీసి, కొన్నేళ్ళు ఊగిసలాడి, యంత్రాల ఊసు లేకుండా నివాసనౌకను చేసి, 1912లో అన్నాపొలిస్ నౌకా అకాడమీకి చేర్చారు. ఇంగ్లీషులో ‘ఫాస్ట్’ అంటే వేగమైనదనీ, గట్టిగా కట్టేసినదనీ రెండర్థాలు ఉన్నాయి గనుక, నౌకాదళంలోకెల్లా ‘ఫాస్ట్’ ఓడ ఇదేనని అక్కడివారు చెప్పుకొని నవ్వేవారట. గుంజకు కట్టిన గేదెకు పరుగుపందెంలో పతకమిచ్చినట్టుంది. ఈ జోకును చరిత్రకారులు తాతగారి ఉంగరంలా ఇప్పటికీ భద్రంగా అందిస్తున్నారు.

తప్పు చేసిన అకాడమీ విద్యార్థులకు, అనగా రేపటి అధికారులకు, ఇచ్చే శిక్ష ఏమిటో తెలుసా? పగలు ఒడ్డున చదువులూ కవాతులూ యథావిధిగా చేసుకొని, తిండికీ నిద్రకూ ఈ ఓడకు రావడం. 1940లో ఆ శిక్ష ఎత్తేసి, ఇకపై వారు తమ వసతిగృహంలోనే గదులకు పరిమితమైతే చాలన్నారు. మరి ఓడ? అకాడమీలో పనిచేసే మామూలు నావికులకు నివాసంగా కొనసాగింది. దొరబిడ్డ తప్పు చేస్తే ఎక్కడ పడుకోబెట్టారో, ఏ తప్పూ చేయనివాడిని అక్కడే పడుకోబెట్టి దానిని వసతి అన్నారు! ఒకే కప్పు కింద ఒకరికి జైలు, మరొకరికి ఇల్లు ఎలా అవుతుందని అడగడానికి ఒక్కరికీ నోరు రాలేదా? కెప్టెన్ కుటుంబం అందులో కాపురం ఉన్నదని మాత్రం చరిత్రలో ముచ్చటగా రాశారు. కింది అంతస్తుల వారు ఆ చరిత్రలో ‘సిబ్బంది’ అనే ఒక్క మాటలో సర్దుకున్నారు.

1957లో నౌకాదళం జాబితా నుంచి పేరు కొట్టేసి ఓడను పాత ఇనుము కింద అమ్మారు. ముక్కలు చేసింది పక్కనే ఉన్న బాల్టిమోర్‌లో. నౌకాదళంలోకెల్లా వేగవంతమైన నౌకను ఆ కాస్త దూరమూ మరో పడవే లాక్కెళ్ళవలసి వచ్చింది.