అప్, ఆఫ్, అవుట్ వారి పెత్తనం

ఇంగ్లీషు భాషలో అసలు అధికారం ఎవరిదన్న విషయాన్ని చాలాకాలంగా పరిశీలించిన మీదట, అది క్రియలది కాదని, వాటి వెనుక చేతులు కట్టుకుని నిలబడినట్టు కనిపించే అప్, ఆఫ్, అవుట్, డౌన్ అనే బంట్రోతులదని నేను ఒక నిశ్చయానికి వచ్చాను. గో, పుట్, టేక్, గివ్ పేరుకు మాత్రమే దొరలు. 'గివ్' అంటే ఇవ్వడమని బడిలో నేర్చుకున్నాం. దాని పక్కకు 'అప్' వచ్చి నిలబడితే ఇచ్చేదేమీ ఉండదు, చేతులెత్తేయడమే. ఈ ఏర్పాటుకు వ్యాకరణవేత్తలు ఫ్రేజల్ వెర్బ్ అని పేరు పెట్టారు.

ఈ పెత్తనం ఎంత దూరం పోయిందో తెలియడానికి 'గో ఆఫ్' ఒక్కటి చాలు. దీపం 'గో ఆఫ్' అయితే ఆరిపోయినట్టు, అలారం అయితే మోగినట్టు, బాంబు అయితే పేలినట్టు, పాలు అయితే పాడైనట్టు. ఒకసారి సహోద్యోగి ఒకరు తెల్లవారుజామున నాలుగు గంటలకు తన అలారం 'వెంట్ ఆఫ్' అని వాపోతూ సందేశం పంపితే, బ్యాటరీ మారిస్తే మళ్లీ చక్కగా మోగుతుందని నేను ఎంతో సానుభూతితో సలహా ఇచ్చాను. అది మోగడమే ఆయన బాధ అని తెలిసేసరికి ఆయన నాతో మాట్లాడటం తగ్గించేశారు.

'పుట్ అప్' వ్యవహారం ఇంతకన్నా సున్నితమైనది. ఒకరిని 'పుట్ అప్' చేయడమంటే ఇంట్లో బస ఇవ్వడం; ఒకరితో 'పుట్ అప్ విత్' అంటే వారిని భరించడం. ఈ రెండింటికీ మధ్య వ్యాకరణం ఒక 'విత్' దూరం ఉంచింది గాని, నా అనుభవంలో అది సుమారు మూడు రోజుల దూరం.

బంట్రోతులకు అర్థం మార్చడమే పని అయితే, అప్‌కూ డౌన్‌కూ మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉండాలి. అయినా బండి 'స్లో అప్' అయినా 'స్లో డౌన్' అయినా నెమ్మదించడమే. దరఖాస్తును 'ఫిల్ ఇన్' చేసినా 'ఫిల్ అవుట్' చేసినా నింపేది అవే గడులు. కాగితం 'బర్న్ అప్' అవుతుంది, ఇల్లు 'బర్న్ డౌన్' అవుతుంది. పైకి కాలినా కిందికి కాలినా మిగిలేది బూడిదే.

ఇక మర్యాదల సంగతి. 'టర్న్ ఆఫ్ ద లైట్' అనవచ్చు, 'టర్న్ ద లైట్ ఆఫ్' అనీ అనవచ్చు. అదే లైటును సర్వనామంగా మార్చి 'టర్న్ ఆఫ్ ఇట్' అన్నామో, మహాపరాధం. 'టర్న్ ఇట్ ఆఫ్' అనే తీరాలి. నామవాచకానికి రెండు వాకిళ్లూ తెరిచి ఉంచి, పాపం సర్వనామాన్ని మాత్రం క్రియకూ బంట్రోతుకూ మధ్య ఇరికించారు. పోనీ ఇదే నియమమని నమ్ముకుందామా అంటే, 'లుక్ ఆఫ్టర్' మధ్య దూరడానికి ఎవరికీ అనుమతి లేదు.

1755లో నిఘంటువు ప్రచురించిన శామ్యూల్ జాన్సన్ తన ముందుమాటలోనే, క్రియకు ఇలా ముక్క తగిలించే పద్ధతి పరభాషీయులను అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెడుతుందని ఒప్పుకున్నాడు. అటువంటి వాటిని శ్రద్ధగా పోగుచేశానని, ఇకపై ఈ కష్టం దాటరానిది కాబోదని ఆశ కూడా వెలిబుచ్చాడు. ఆశ మంచిదే. ఫ్రేజల్ వెర్బ్ అనే పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ అనే రచయిత పుస్తకంలో అచ్చయింది. అంటే 170 ఏళ్ల తరువాత రోగానికి పేరు దొరికింది, మందు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఈ ఉపద్రవం నుంచి తప్పించుకోవడానికి మనవాళ్లు లాటిన్ మూలాల పెద్ద మాటలను ఆశ్రయించారు. 'పుట్ ఆఫ్' బదులు పోస్ట్‌పోన్, 'పుట్ అప్ విత్' బదులు టాలరేట్, 'పుట్ అవుట్' బదులు ఎక్స్‌టింగ్విష్ అని నేర్చుకున్నారు. అర్థం నిక్షేపంగా అందుతుంది. కాకపోతే కొవ్వొత్తిని 'ఎక్స్‌టింగ్విష్' చేశానని చెప్పినవాడు, ఇంగ్లీషువారి చెవికి, "దీపమును ఆర్పివైచితిని" అని ఇంట్లో ప్రకటించినవాడిలా వినబడతాడు. విచిత్రమేమిటంటే, అవసరమైన చోట బంట్రోతులను పనిలోంచి తీసేసిన మనమే, అక్కర్లేని చోట పిలిచి మరీ కొలువిచ్చాం. 'డిస్కస్' చాలదని 'డిస్కస్ అబౌట్', 'కోప్ విత్' వెలితిగా ఉందని మధ్యలో ఒక 'అప్', వెనక్కి రావడమే అర్థమైన 'రిటర్న్'కు ఎందుకైనా మంచిదని 'బ్యాక్'. చదువు పూర్తిచేసినవారు 'పాస్ అవుట్' అయ్యామని గర్వంగా చెప్పుకుంటే, విన్న విదేశీయులు చాలామంది వారు స్పృహ తప్పారనుకుని కంగారుపడతారు. కొన్ని పరీక్షాఫలితాల విషయంలో ఆ అర్థమే సరైనదేమో.

ఈ అభియోగాలన్నిటినీ వరుసగా, కొంత ఆవేశంతోనే, తెలుగు నేర్చుకుంటున్న ఒక విదేశీ మిత్రుడికి వినిపించాను. ఆయన అంతా ఓపికగా విని, నోట్‌బుక్ తెరిచి, 'కొట్టు' అంటే కొట్టడమని, 'వేయు' అంటే వేయడమని తనకు నేర్పారని, రెండూ కలిపి "పర్సు కొట్టేశారు" అంటే దొంగిలించారని కూడా తెలిసిందని, అయితే నిన్నటి వార్తల్లో న్యాయమూర్తిగారు కేసు కొట్టేశారని విన్నప్పటినుంచి ఆయన మీద ఫిర్యాదు ఎక్కడ చేయాలో పాలుపోవడం లేదని అన్నాడు. ఆ సంగతి తరువాత చూద్దామని చెప్పి, ప్రస్తుతానికి 'పుట్ ఆఫ్' చేశాను.