మాట ముందు, బొమ్మ వెనక

మా అన్నయ్య కూతురికి సంబంధం చూస్తున్నాం. అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, వాళ్ళ అమ్మానాన్నలు కూడా ప్రస్తుతం అక్కడే. నిన్న ఆదివారం పొద్దున, తెనాలిలో మా ఇంట్లో టీవీకి లాప్‌టాప్ తగిలించి, పెద్దవాళ్ళని సోఫాలో వరసగా కూర్చోబెట్టి వీడియో కాల్ కలిపాం. నమస్కారాలు, గోత్రాలు, ఎండలు అయిపోయాయి. అమ్మాయి వచ్చి కూర్చుంది, లేచి వెళ్ళింది. అంతవరకూ బానే ఉంది.

అప్పుడు అబ్బాయి నాన్నగారు ఆవులించారు.

పాపం, వాళ్ళకది శనివారం రాత్రి తొమ్మిదిన్నర. ఆవులింత రావడంలో తప్పేం లేదు. కానీ అది సరిగ్గా పతాకస్థాయికి చేరిన క్షణంలో బొమ్మ ఆగిపోయింది. 43 అంగుళాల టీవీ నిండా ఆయన నోరే. అడ్డం పెట్టుకుందామని బయల్దేరిన చెయ్యి గడ్డం దగ్గరే నిలబడిపోయింది. ఒక కన్ను పూర్తిగా మూత, రెండోది సగం.

"కట్టయిపోయింది బావా," అన్నాడు మా బామ్మర్ది. వాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. కాబట్టి మా ఇంట్లో వైరున్న ప్రతి వస్తువు మీదా వాడిదే ఆఖరి మాట.

ఆ మాటతో సోఫా సోఫా అంతా సడలింది. అన్నయ్య పంచె సర్దుకున్నాడు. "జీతం సంగతి అడగరేం?" అని వదిన ఆయన్ని గిల్లింది. మా పిన్ని మాత్రం కళ్ళజోడు పెట్టుకుని, లేచి టీవీ దగ్గరకి వెళ్ళింది. కాబోయే వియ్యంకుడి నోట్లోకి ఇంత తీరిగ్గా తొంగిచూసే అదృష్టం ఏ పెళ్ళిచూపుల్లో దొరుకుతుంది? అద్దం మీద వేలు పెట్టి ఎడమ నుంచి కుడికి లెక్కపెట్టుకుంటూ వెళ్ళింది. మధ్యలో లెక్క తప్పితే మళ్ళీ మొదటి నుంచి.

"ఒక్కటీ అరగలేదు, ఒక్కటీ వంకర లేదు. ఈ వయసు మనిషికి ఇంత తీరైన వరసా? పెట్టుడు పళ్ళే!"

"మెల్లగా పిన్నీ," అన్నాడు అన్నయ్య.

"కట్టయిందన్నాడుగా!"

వదిన కూడా వెళ్ళి చూసింది. "చిగుళ్ళ రంగు కూడా తేడాగానే ఉందత్తయ్యా," అని బలపరిచింది. పళ్ళే దాచినవాళ్ళు ఇంకేం దాచారో కనుక్కోవాలి అన్న తీర్మానం ప్రవేశపెట్టారు. చర్చ కూడా మొదలైంది.

ఇంతలో ఆ కదలని నోట్లోంచే, పెదవి పెదవికి తగలకుండా, ఎంతో మర్యాదైన గొంతు:

"పై వరసేనమ్మా. కిందవన్నీ సొంతవే."

తర్వాత ఎవరేమన్నారో చెప్పను. ఒక కాఫీ గ్లాసు పగిలింది.

జరిగిందేమిటంటే, మా బామ్మర్ది శనివారం దిగగానే రూటర్‌లో దూరి, ప్రయారిటీ అనే పేజీ తెరిచి, వాడి గేమ్ లాప్‌టాప్‌ని అందరికన్నా పైన పెట్టాడు. ఆదివారం పొద్దున ఆ గేమ్‌కి అప్‌డేట్ దిగుతోంది. ఇటు వచ్చే దారి కిక్కిరిసింది, అటు వెళ్ళే దారి ఖాళీ. వీడియోకి మెగాబిట్లు కావాలి, మాటకి కొన్ని పదుల కిలోబిట్లు చాలు. కాబట్టి ఇరుకు రాగానే కాల్ యాప్ బొమ్మని వదిలేసి మాటని కాపాడుకుంది. మమ్మల్ని ఒక్క ముక్క అడగలేదు.

ఈ యాప్‌లకి అంత పెత్తనం ఎక్కడిదా అని రాత్రంతా చదివాను. ఇంటర్నెట్‌లో మాటైనా బొమ్మైనా చిన్న చిన్న ముక్కలుగానే వెళ్తుంది, వాటినే ప్యాకెట్లంటారు. ప్రతి ప్యాకెట్‌కీ నెత్తిన ఒక చిన్న గడి ఉంటుంది. 1981లోనే దాంట్లో 8 హోదాలు పెట్టారు. అడుగున 'రొటీన్', పైన 'నెట్‌వర్క్ కంట్రోల్', నడుమ 'ఫ్లాష్ ఓవర్‌రైడ్' లాంటివి. 1998లో దాన్నే 6 బిట్లుగా మార్చి 64 అంకెలకి చోటిచ్చారు. మాటలకి మామూలుగా వాడేది 46. ఆ అంకె వేసుకునే వీలు ప్యాకెట్ పంపే అప్లికేషన్‌కే ఉంది. తిరుమల బ్రేక్ దర్శనానికైనా మామూలుగా ఎమ్మెల్యే లాంటివాళ్ళ ఉత్తరం కావాలి. ఇక్కడ భక్తుడే 'వీరు మాకు బాగా కావలసినవారు' అని తన గురించి తనే రాసుకుని, సంతకం కూడా పెట్టుకోవచ్చు. అందుకే చాలా నెట్ కంపెనీలు సరిహద్దులోనే ఆ ఉత్తరం చించేసి సున్నా వేసి పంపుతాయి. ఇంట్లో వైఫై మాత్రం వట్టి అమాయకురాలు. మాట, వీడియో, మామూలు, తీరిగ్గా అని నాలుగు వరసలు పెట్టుకుని ఉత్తరం చూసి దారి వదిలేస్తుంది.

ప్యాకెట్ లోపల ఉన్నది మాటో ఫైలో రూటర్‌కి తెలియదు, అంతా ఎన్‌క్రిప్షన్, అంటే బయటివాళ్ళు చదవలేని రహస్య లిపి, చెప్పగలిగేది యాప్ ఒక్కటే అంటాడు మా బామ్మర్ది. సరే, చెప్పుకోనివ్వండి. తీర్పు ఇంటివాళ్ళది కదా? మా పిన్ని మాటకి అగ్రతాంబూలం ఇమ్మని ఎవరడిగారు? 'అందరూ వెళ్ళాక, చోటుంటే నేను' అనే ప్యాకెట్లకి 2019లో ఒక తరగతి పెట్టారట. నన్నడిగితే పిన్ని మాటల్ని దాంట్లో ఎక్కించేవాణ్ణి. డల్లాస్ చేరేలోపు తాంబూలాలు పుచ్చేసుకునేవాళ్ళం.

ఆ గేమ్‌వాళ్ళు కూడా తమ అప్‌డేట్‌ని ఆ తరగతిలో పంపొచ్చు. వాళ్ళకేం పట్టింది! ఈ విషయంలో, జనం ఒకరి నుంచి ఒకరు ఫైళ్ళు దించుకునే, అందరూ తిట్టే టొరెంటే నయం. లైను బరువెక్కుతోందని కనిపెడితే తనంతట తనే తగ్గే పద్ధతి దానికుంది, 2012లో రాసి ప్రచురించారు కూడా. ఆ పాటి ఇంగితం మా బామ్మర్దికి లేదు. "లేటెన్సీ బావా, నీకర్థం కాదు," అంటాడు.

నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే, "మీకు ఫుల్ స్పీడ్ వస్తోంది సార్, ఇంకేమైనా సహాయం కావాలా?" అని అడిగింది ఒకమ్మాయి.

పిన్ని ఇవాళ హాల్లోకి రాలేదు. వంటింట్లోంచే చెయ్యి ఊపి కాఫీ కావాలా అని సైగ చేసింది. "టీవీ ప్లగ్గే తీసేశాను పిన్నీ, మాట్లాడొచ్చు," అన్నాడు మా బామ్మర్ది. పిన్ని వాడి వంక ఒక్క చూపు చూసి, నోటి మీద వేలేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.