మూడు తలుపులు, మూడు తాళాలు, ఒక బారసాల

సెప్టెంబరు 21ని అమెరికా ఇంకా జాతీయ సెలవుగా ప్రకటించకపోవడం దారుణం. మన సోషల్ సెక్యూరిటీ నంబరు, అప్పుల చిట్టా పోగేసి అమ్ముకునే మూడు క్రెడిట్ బ్యూరోలు ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్, 2018లో ఆ రోజు నుంచే మన ఫైలుకు మనం తాళం (దాని పేరే ఫ్రీజ్) వేసుకుంటే డబ్బులు అడగడం మానేశాయి. ఆ తాళం ఉంటే మన పేరున కొత్త అప్పు ఇవ్వబోయేవాడికి ఫైలు తెరుచుకోదు. అంతకుముందు చాలా రాష్ట్రాల్లో ఒక్కో కంపెనీకి 5 నుంచి 10 డాలర్లు. మొగుడూపెళ్లాలిద్దరూ ఫ్రీజ్ చేయించుకుంటే 60 డాలర్ల దాకా వదిలేవి.

ఈ దయ ఊరికే పుట్టలేదు. అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో కన్నం ఉందని 2017 మార్చిలోనే తెలిసింది, పూడ్చే ప్యాచ్ కూడా వచ్చింది. ఈక్విఫాక్స్ పూడ్చలేదు. దొంగలు మే నుంచి జులై దాకా తాపీగా సర్దుకుని దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పట్టుకుపోయారు. కంపెనీ సెప్టెంబరు 7న నోరు విప్పింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు కదా, ఈ కుక్క నాలుగు నెలలు నిండకుండానే మొరిగింది. మెచ్చుకోవాలి.

హడలిపోయి ఫ్రీజ్ చేసుకున్నవాళ్లకు, తాళం తీసుకోవడానికని ఈక్విఫాక్స్ ఇచ్చిన పిన్ చూడాలి. పది అంకెలు: ఫ్రీజ్ చేసిన తేదీ, గంట, నిమిషం. గుమ్మం పక్క పూలకుండీ కింద తాళంచెవి పెట్టడం మనకొక్కరికే తెలిసిన విద్య అనుకున్నాం. (అల్లరయ్యాక మార్చారు.)

ఫ్రీజ్ ఉచితం చేసింది 2018 మే 24న సంతకమైన చట్టం. దానికి అసలు పని బ్యాంకుల మీద ఆంక్షలు సడలించడం. ఎన్ని ఆస్తులున్న బ్యాంకు మీద కఠిన పర్యవేక్షణ ఉండాలో చెప్పే గీతను 5,000 కోట్ల డాలర్ల నుంచి 25,000 కోట్లకు జరిపింది. పెళ్లి వాళ్లది, మనకు దక్కింది తాంబూలం. ఫోన్లోనో ఆన్‌లైన్లోనో అడిగితే ఒక పనిదినంలో ఫ్రీజ్ వేయాలి, గంటలో తీయాలి. పోస్టులో అడిగితే మూడు పనిదినాలు. ఫ్రాడ్ అలర్ట్ (అప్పిచ్చే ముందు మనమో కాదో సరిచూసుకోమనే హెచ్చరిక) ఒకరికి చెబితే మిగతా ఇద్దరికీ వాళ్లే చేరవేస్తారు. ఫ్రీజ్ దగ్గరికొచ్చేసరికి ముగ్గురికీ మాటల్లేవు, మూడు గడపలూ మనమే తొక్కాలి. దారిలో ‘లాక్’ అనే ఇంకో బటన్ ఎదురొస్తుంది. దాన్ని దాటుకుపోండి. అది చట్టం ఇచ్చింది కాదు, కంపెనీ షరతులతో నడిచేది.

ఇక శనివారం సాయంత్రం కారు షోరూములో ఫైనాన్సువాడు ‘మీ ఫైలు తెరుచుకోవడం లేదు’ అంటాడు. కంగారుపడి మూడూ తీసేయకండి. ఏ బ్యూరోలో చూస్తున్నాడో అడిగి, అదొక్కటే, రెండు మూడు రోజులకు తేదీలు వేసి తీయండి. ఇండియాకు బయల్దేరేముందు అమెరికా నంబరు ఆపేసుకుంటే మాత్రం ఓటీపీ ఎవరికో పోతుంది, తాళం మీకే పడుతుంది. ఉన్న కార్డు మీద జరిగే మోసాన్ని, మీ పేరున దొంగ టాక్సు రిటర్ను వేయడాన్ని ఫ్రీజ్ ఆపదు. రెండోదానికి ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఇచ్చే పిన్ వేరే తీసుకోవాలి.

అసలు విశేషం పిల్లలది. పదహారేళ్లలోపు వాళ్లకు తల్లిదండ్రులు ఉచితంగా ఫ్రీజ్ చేయించవచ్చు. ఫైలే లేని పసిగుడ్డుకు ముందు ఫైలు తెరిచి, తర్వాత దానికి తాళం వేస్తారు. బారసాలలో పేరు పెట్టగానే ఈ తంతూ కానిచ్చేస్తే సరి. కావలసిన సామగ్రి: బిడ్డ బర్త్ సర్టిఫికెట్, సోషల్ సెక్యూరిటీ కార్డు, తల్లి లేదా తండ్రి గుర్తింపు కార్డు, చిరునామా రుజువు, అన్నిటికీ మూడేసి నకళ్లు. వివరాలు ఎవరి చేతిలోనూ పడకుండా ఉండాలంటే వాటన్నిటినీ కవర్లలో పెట్టి పోస్టు చేయాలి. అందులో ఒక కవరు అట్లాంటాకు, ఈక్విఫాక్స్‌కే.