ఊరిని అడగరు, సంకెళ్లు వేస్తారు

జోగులాంబ గద్వాల జిల్లా రాజోలి మండలం పెద్ద ధన్వాడ రైతులను చేతులకు బేడీలు వేసి అలంపూర్ కోర్టుకు తీసుకొచ్చారు. పొలాల పక్కన ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ మొదలైన ఆందోళన 2025 జూన్ 4న ఘర్షణగా మారింది. కేసులు పెట్టారు, 12 మందిని జైలుకు పంపారు. బేడీల ఫొటోలు బయటపడి గగ్గోలు పుట్టాక కొందరు పోలీసు సిబ్బందిని సస్పెండ్ చేసి చేతులు దులుపుకున్నారు. ఆ సస్పెన్షన్లతో ముగిసే వ్యవహారం కాదిది. ఫ్యాక్టరీ పెట్టేముందు ఊరిని అడగాల్సిన పని లేకుండా చేసిందెవరు?

2021 జూన్ 16న కేంద్ర పర్యావరణ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. పెట్రోలులో కలిపే ఇథనాల్ కోసమే ధాన్యం వాడే ఫ్యాక్టరీలను తక్కువ పరిశీలన చాలనే బీ2 వర్గంలోకి మార్చింది. ఆ వర్గంలో ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. కలెక్టరు సమక్షంలో సభ పెట్టి, నీళ్లు ఎక్కడివి, వ్యర్థాలు ఎక్కడికి పోతాయి అని రైతు నిలదీసే అవకాశం అంతటితో పోయింది. నారాయణపేట జిల్లా చిత్తనూరులో జరిగిందీ ఇదే. వాగు నీళ్లు పాడవుతున్నాయని, వాసన భరించలేకపోతున్నామని జనం రోడ్డెక్కాకే అధికారులకు ఆ ఊరి పేరు తెలిసింది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లోనూ 2024 నవంబరులో జనం రహదారి మీద బైఠాయించాకే పనులు ఆపారు. ముందే అడిగి ఉంటే ఆ జనానికి రోడ్డెక్కే అవసరమే వచ్చేది కాదు.

ఈ నేల సంగతి తెలిసినవారికి రైతుల భయం అర్థమవుతుంది. తుంగభద్ర నీటిని మళ్లించే రాజోలిబండ (ఆర్డీఎస్) కాలువ కింద తెలంగాణకు కాగితాల మీద 15.9 టీఎంసీలు, 87,500 ఎకరాల ఆయకట్టు ఉన్నాయి. చివరి భూములకు ఆ నీళ్లు చేరక తుమ్మిళ్ల దగ్గర ఎత్తిపోతలు కట్టుకోవలసి వచ్చింది. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న ఈ నడిగడ్డలో రైతు పండించే విత్తన పత్తి ఎన్నో రాష్ట్రాల చేలకు పోతుంది. సాయంత్రం ఒక్కో మొగ్గనూ విప్పి కేసరాలు తీసేస్తారు. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి పుప్పొడి అద్దుతారు. సీజనంతా చెట్టు చెట్టుకూ ఇదే పని. ఒక్క తడి తప్పినా ఆ చాకిరీ అంతా నేలపాలవుతుంది. బేడీలు పడింది అలాంటి చేతులకు. తుంగభద్ర ఒడ్డునే ఉన్నా ప్రతి తడికీ లెక్క చూసుకునే ఈ రైతులు పక్కన ఫ్యాక్టరీ వస్తుందంటే నీళ్ల గురించి అడగకుండా ఎలా ఉంటారు?

ఇక ధాన్యం సంగతి. 2025 జనవరిలో కేంద్రం ఇథనాల్ తయారీదారులకు భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) బియ్యం ధరను క్వింటాకు 2,800 రూపాయల నుంచి 2,250కి తగ్గించింది. 2024-25లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర 2,300. వడ్లు కొని, మర ఆడించి, గోదాములో దాచి, చివరకు వడ్ల ధర కంటే తక్కువకు బియ్యం ఇచ్చేశారన్నమాట! మిగతా ఖర్చు ఖజానా భరించింది. 2023లో పేదలకు ఉచితంగా బియ్యం ఇచ్చే అన్నభాగ్య పథకం కోసం కర్ణాటక డబ్బు చెల్లిస్తామన్నా బియ్యం అమ్మడానికి ఇదే కేంద్రం నిరాకరించింది. పేదవాడి పళ్లెం విషయంలో పిసినారితనం, ఇంధన ట్యాంకు విషయంలో ఉదారత. దేశంలో కమతాల్లో 86 శాతం చిన్న, సన్నకారు రైతులవే. వారు పండించిన ధాన్యం ఎవరి కడుపు నింపాలో నిర్ణయించే చోట వారికి మాట లేదు.

చమురు దిగుమతుల బిల్లు తగ్గుతుందని, నూకలకు గిరాకీ వస్తుందని, ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వాలు అంటున్నాయి. దాడి చేసినవారిపై కేసులు తప్పవనీ అంటున్నాయి. మంచిదే. ఆ లాభాలు అంత స్పష్టంగా ఉంటే ఊరి ముందు కూర్చుని చెప్పడానికి భయమెందుకు? ఇవాళ ఇథనాల్‌కు ఇచ్చిన మినహాయింపును రేపు మరో పరిశ్రమ అడుగుతుంది. ఒకసారి ఊరిని దాటి వెళ్లడం అలవాటైతే గ్రామసభ అనేది సంతకాల రిజిస్టరుగా మిగులుతుంది.

బేడీలూ అలాగే అలవాటైపోయాయి. వాటిని ఇష్టారాజ్యంగా వేయకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. 2017లో ఖమ్మం మిర్చి రైతులకు వేశారు. 2023లో రాయగిరి వద్ద రింగు రోడ్డుకు భూములు ఇవ్వబోమన్న రైతులకు వేశారు. అప్పుడు దాన్ని అమానుషమన్నది కాంగ్రెస్. ఆ పార్టీ అధికారంలోకి వచ్చాక 2024 డిసెంబరులో వికారాబాద్ జిల్లా లగచర్ల రైతును బేడీలతో ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఆ తర్వాత అలంపూర్. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు రైతు బిడ్డలమంటూ కన్నీళ్లు పెట్టుకున్నవారు అధికారంలో ఉండి విచారణకు ఆదేశించామంటే సరిపోదు.

పెద్ద ధన్వాడ రైతులపై పెట్టిన కేసులను ఎత్తివేయాలి. ఫ్యాక్టరీ అనుమతుల పత్రాలను, రోజుకు ఎంత నీరు తోడుతుందన్న లెక్కను తెలుగులో పంచాయతీ గోడకు అంటించాలి. గ్రామసభ పెట్టి ఊరి మాట నమోదు చేసేదాకా అక్కడ ఒక్క ఇటుక కూడా పేర్చకూడదు. 2021 మినహాయింపును రద్దు చేయమని రాష్ట్ర మంత్రివర్గం కేంద్రానికి లేఖ రాయాలి. పంట పొలాల దారిలో పోలీసు వ్యాన్లు నడపడానికి తీరిక దొరికిన జిల్లా యంత్రాంగానికి, ఆ ఊళ్లో ఒక సభ పెట్టడానికి తీరిక దొరకలేదంటే మేము నమ్మం.